వెదురు తుపాకులు - గాడ్ మోడ్

మేం నలుగురం కలిసి ఒక వీడియో గేమ్ చేద్దామనుకుని, మూడు నెలలు కిందామీదా పడి, చివరికి అటకెక్కించిన కథ ఇది. గేమ్ సంగతి ఎలా ఉన్నా, ఆ వంకన నేను మన విశాఖ మన్యం చరిత్ర కాస్త చదివాను. అందులో ఒక పేరా నన్ను ఇప్పటికీ వదలట్లేదు. అందుకే ఈ టపా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ తెచ్చుకుని కూర్చోండి :)

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్లో పీసీలన్నీ డొక్కువే. కొత్త గేమ్ ఏది ఎక్కించినా ఫ్యాను విమానంలా మోత పెట్టి, ఆనక మొత్తం ఆగిపోయేది. కాబట్టి మాకు పాత గేములే దిక్కు. ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్, వాటి తర్వాత 'రిటర్న్ టు కాజిల్ వుల్ఫెన్‌స్టైన్'. ఈ మూడోది 2001లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుంటుంది. మీరు బ్లాజ్కోవిచ్ అనే అమెరికా సైనికుడు, నాజీల కోటలో బందీ. తప్పించుకుని ముందుకు పోయేకొద్దీ మామూలు సైనికులతో పాటు సమాధుల్లోంచి లేచొచ్చే శవాలు కూడా ఎదురవుతాయి. ఎప్పుడో వెయ్యేళ్ళ క్రితం పోయిన హైన్రిక్ అనే రాజుని క్షుద్రవిద్యతో మళ్ళీ లేపాలని హిమ్లర్ మనుషులు చూస్తుంటారు. ఆఖరి ఫైటు ఆయనతోనే.

ఇదంతా పూర్తిగా కట్టుకథ అనుకుంటే పొరపాటు. హిమ్లర్ నిజంగానే 1935లో 'ఆనెనెర్బె' అనే సంస్థ పెట్టించి, జర్మన్ల పూర్వీకుల గొప్పతనం తవ్వి తియ్యమని పండితుల్ని పోషించాడు. మొదటి హైన్రిక్ కూడా నిజం రాజే, 936లో చనిపోయాడు. 1936లో ఆయన వెయ్యో వర్ధంతిని హిమ్లర్ క్వెడ్లిన్‌బుర్గ్‌లో అట్టహాసంగా జరిపించాడు. గేమ్ వాళ్ళు దానికి నాలుగు శవాలు, రెండు మంత్రాలు కలిపారంతే.

ఉద్యోగాల్లో చేరాక ఒక శుక్రవారం రాత్రి మా వైజాగ్ మిత్రుడికి ఆవేశం వచ్చింది. "ఎంతసేపూ ఎవడో క్లయింటుకి ఇన్సూరెన్సు స్క్రీన్లు చెయ్యడమేనేటిరా? మన మన్యంలో వుల్ఫెన్‌స్టైన్ లాంటిది చేద్దాం. అడవి, పొగమంచు, బ్రిటిష్ పోలీసులు, మంత్రాలు. అదిరిపోద్ది" అన్నాడు. వాడి అమ్మమ్మగారిది పాడేరు. ఒకడు యూనిటీలో కోడింగు, ఒకడు బొమ్మలు, వాడు టెస్టింగు. నాకు తెలుగు రాయడం వచ్చు కాబట్టి కథ నా నెత్తిన పెట్టారు.

కథ కోసం వెతుకుతుంటే డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907లో తయారుచేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో ఒక పేరా దొరికింది. 1909లో వచ్చిన థర్‌స్టన్ కులాలు-తెగల పుస్తకంలో, కొండదొరల గురించి రాసినచోట కూడా ఇదే సంగతి ఉంది. క్లుప్తంగా చెప్తాను.

అప్పటి సాలూరు తాలూకాలో కొర్రవానివలస అనే ఊరు. అక్కడ కొర్ర మల్లయ్య అనే ఆయన తనకి దేవుడు పూనాడని చెప్పడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల కొండల నుంచి నాలుగైదు వేల మంది వచ్చి ఆయన చుట్టూ మకాం వేశారు. కొన్నాళ్ళు ఎవరికీ ఇబ్బంది లేదు. తర్వాత తాను పంచపాండవుల్లో ఒకడి అవతారమనీ, తన పసికొడుకు కృష్ణుడనీ, ఇంగ్లీషువాళ్ళని తరిమేసి తానే రాజ్యం ఏలతాననీ ప్రకటించాడు. ఎలా తరుముతాడు? వెదురు కర్రలు మంత్రంతో తుపాకులవుతాయి, సర్కారువాళ్ళ ఆయుధాలు నీళ్ళయిపోతాయి. జనం వెదురు నరికి తుపాకీ ఆకారంలో చెక్కుకున్నారు. స్వామి వాటితో వాళ్ళకి కవాతు కూడా చేయించాడు.

పాచిపెంటని దోచుకుంటామని కబురు పంపారు. 1900 మే 1న సంగతేంటో చూద్దామని వెళ్ళిన ఇద్దరు కానిస్టేబుళ్ళని కొట్టి చంపేశారు. శవాలు తెచ్చుకోవడం కూడా స్థానిక పోలీసుల వల్ల కాలేదు. అప్పుడు జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా బయల్దేరి, విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రిజర్వు పోలీసుల్ని రప్పించి, మే 7 తెల్లవారుజామున మకాం మీద పడ్డాడు. జనం ఎదురు తిరిగారు. పోలీసులు కాల్చారు. పదకొండు మంది చచ్చిపోయారు. అరవై మంది మీద అల్లర్ల కేసు, స్వామితో కలిపి ముగ్గురి మీద హత్య కేసు పెట్టారు. స్వామి జైల్లో పోయాడు, మిగతా ఇద్దర్నీ ఉరితీశారు. ఆ పసికొడుకు కూడా చనిపోయాడు. దాంతో గొడవ సద్దుమణిగిందని పేరా ముగుస్తుంది.

ఇది చదవగానే నేనేం చేశానో నిజాయితీగా చెప్తాను. ఎగిరి గంతేశాను. గ్రూపులో మెసేజ్ పెట్టాను: "పవర్ అప్ దొరికింది! వెదురు కర్ర పట్టుకుని మంత్రం చదివితే తుపాకీ అయిపోతుంది. రెండో మంత్రానికి శత్రువు తూటాలు నీళ్ళు!" అందరూ నవ్వుకున్నాం. 'డూమ్' గేమ్‌లో ఐడీడీక్యూడీ అని టైపు చేస్తే గాడ్ మోడ్ వచ్చేది గుర్తుందా? ఎన్ని తూటాలు తగిలినా చావం. "మల్లయ్యగారు 1900లోనే చీట్ కోడ్ కనిపెట్టాడ్రా" అని జోకు కూడా వేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగానే ఉంది.

చిక్కు మొదటి వారంలోనే వచ్చింది. ఫస్ట్ పర్సన్ షూటర్‌లో మొట్టమొదట తేల్చాల్సింది కెమెరా ఎవరి కళ్ళలో ఉందీ అని. తెర కింద కనిపించే ఆ రెండు చేతులు ఎవరివి? వుల్ఫెన్‌స్టైన్ మూసలో అయితే అతీత శక్తులు అవతలి పక్షానివి, తుపాకీ మనది. ఆ మూసని ఉన్నదున్నట్టు కొర్రవానివలసకి తెచ్చిపెడితే మంత్రాల పక్షం కొండదొరలది, తుపాకీ పోలీసులది. అంటే ఆడేవాడు పోలీసు. తెల్లవారుజామున కర్రలు పట్టుకున్న జనం మీదికి పోయి కాల్చడం వాడి పని. చరిత్ర ప్రకారం అదే కరెక్టు గేమ్. దాన్ని మాలో ఎవరం చెయ్యలేం.

అప్పుడు ఆ పేరా మళ్ళీ చదివాను. చిన్నప్పుడు తెలుగు వ్యాకరణంలో నేర్చుకున్నది గుర్తొచ్చింది. ఫస్ట్ పర్సన్‌ని మక్కీకి మక్కీ తెలుగు చేస్తే ప్రథమ పురుష అవుతుంది కదా. కానీ మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే వాడు, వాళ్ళు. 'నేను' అనేది ఉత్తమ పురుష. ఆ పేరాలో కొండవాళ్ళంతా మొదటి నుంచి చివరి దాకా ప్రథమ పురుషే - వాళ్ళు నమ్మారు, వాళ్ళు కొట్టారు, వాళ్ళు చచ్చారు. పోలీసులు మాత్రం కాల్చలేదట, కాల్చాల్సి వచ్చిందట! స్వామి పేరు తప్ప చచ్చిపోయిన పదకొండు మందిలో ఒక్కరి పేరూ అక్కడ లేదు. ఆ మాటకొస్తే ఆ ఇద్దరు కానిస్టేబుళ్ళ పేర్లూ లేవు. గెజిటీర్ రాసింది తుపాకీ వెనకవైపు నుంచి. అంటే నాకు దొరికింది కూడా ఒక ఫస్ట్ పర్సన్ షూటరే.

సరే, అటువైపు నుంచి చూస్తే ఏం కనబడుతుందో ప్రయత్నిద్దాం అనుకున్నాను.

ముందుగా ఆ పాండవుల మాట. మనకి పిచ్చి ప్రేలాపనలా అనిపిస్తుంది. కానీ కొండదొరలు తమది పాండవ కులమని చెప్పుకునేవాళ్ళని అదే థర్‌స్టన్ రాశాడు. అడవుల పాలై, చివరికి తిరిగొచ్చి రాజ్యం తీసుకున్నవాళ్ళు పాండవులు. "నేను పాండవుణ్ణి" అని ఒక కొండదొర అంటే "ఈ నేల మాది, తిరిగి తీసుకుంటాం" అన్నట్టే కదా? ఇంకొకటి నా ఊహ, తప్పయితే క్షమించండి. అజ్ఞాతవాసానికి పోతూ పాండవులు ఆయుధాలు జమ్మిచెట్టు మీద కట్టి దాస్తారు. చూసేవాళ్ళకి అదొక శవం మూట. సమయం వచ్చినప్పుడు దించితే గాండీవం. మనం దసరాకి ఆ చెట్టుకి ఇప్పటికీ మొక్కుతాం. పాండవుల కథ తెలిసినవాడికి, కర్రలా కనబడేది రేపు ఆయుధమవుతుందంటే నమ్మడం మరీ అంత కష్టం కాదేమో.

రెండోది, వెదురే ఎందుకు? ఎందుకంటే చేతికి దొరికేది అదే. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోవడం నేరం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుదైంది. ఆ తర్వాత పోడు మీద, కట్టెల మీద, పశువుల మేత మీద ఒక్కొక్కటిగా ఆంక్షలు మొదలయ్యాయి. 1839 చట్టంతోనే ఈ కొండ ప్రాంతాలు మామూలు కోర్టుల పరిధి నుంచి బయటికి వెళ్ళిపోయాయి. కలెక్టరే గవర్నరు ఏజెంటు, ఆయనదే పాలన, ఆయనదే తీర్పు. మన్యాన్ని ఇప్పటికీ ఏజెన్సీ అంటున్నాం చూడండి, ఆ మాట అక్కణ్ణుంచి వచ్చిందే. ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి? సపోర్టు టికెట్ తెరిస్తే అది ఎవరి మీద ఫిర్యాదో ఆయనకే అసైన్ అవుతుందన్నమాట.

"అయినా తూటాలు నీళ్ళవుతాయని నమ్మడం ఏంటి, అమాయకత్వం కాకపోతే" అంటారా? నేనూ అదే అనుకున్నాను. అయితే ఆ కాలంలో బయట ప్రపంచం చూడండి. 1890 డిసెంబరు 29న అమెరికాలో వూండెడ్ నీ దగ్గర సైన్యం కాల్చి చంపిన లకోటా జనంలో చాలామంది నమ్మకం, తాము తొడుక్కున్న ప్రత్యేకమైన చొక్కాల్ని తూటా తాకదని. 1900 జనవరిలో, మల్లయ్య కంటే నాలుగు నెలల ముందు, ఛోటానాగ్‌పూర్‌లో బిర్సా ముండా అనుచరుల మీద సైల్ రకబ్ కొండ దగ్గర కాల్పులు జరిగాయి. అక్కడా తూటాలు నీళ్ళవుతాయన్న నమ్మకమే. బిర్సా అదే ఏడాది జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. అదే 1900లో చైనాలో బాక్సర్లు తమ దేహాలకి గుండు దిగదని నమ్మి విదేశీ సైన్యాల మీదికి నడిచారు. 1905లో ఇప్పటి టాంజానియాలో, జర్మన్లు బలవంతంగా పత్తి సాగు చేయిస్తుంటే, కింజికిటిలే అనే ఆయన మంత్రజలం పంచాడు. దాంతో జర్మన్ తూటాలు నీళ్ళయిపోతాయన్నాడు. వాళ్ళ భాషలో 'మాజీ' అంటే నీళ్ళు. ఆ తిరుగుబాటు పేరే మాజీ మాజీ. జర్మన్లు పంటలు తగలబెట్టి కరువుతో చంపారు. పోయినవాళ్ళ లెక్క 75 వేల నుంచి 3 లక్షల దాకా చెబుతారు.

అమెరికా మైదానం, ఛోటానాగ్‌పూర్, చైనా, ఆఫ్రికా, మన మన్యం. వీళ్ళకి ఒకళ్ళ పేరు ఒకళ్ళకి తెలిసే అవకాశం లేదు. సంబంధం లేని టీములు వేర్వేరు చోట్ల ఒకే సొల్యూషన్ రాశాయంటే, మనం ముందు అనుమానించాల్సింది వాళ్ళ బుర్రల్ని కాదు. ప్రాబ్లెమ్ ఒకటేనేమో అని చూడాలి. ప్రాబ్లెమ్ ఏంటంటే, అవతలివాడి దగ్గర వంద గజాల నుంచి చంపే యంత్రం ఉంది. మన దగ్గర లేదు. తెచ్చుకునే దారీ లేదు. ఊరుకుంటే నేల పోతుంది. లెక్కలు వేసుకుంటే ఎవడూ లేచి నిలబడడు. నాలుగైదు వేల మంది ఒకచోట నిలబడాలంటే లెక్కకి అందనిది ఏదో ఒకటి కావాలి. మంత్రం తూటాని ఆపలేదు. తూటా అంటే భయాన్ని మాత్రం కొన్నాళ్ళు ఆపింది.

ఇక్కడ మీరొక ప్రశ్న వెయ్యొచ్చు. అబద్ధపు ధైర్యం చెప్పి జనాన్ని తుపాకుల ముందుకి తోసినవాణ్ణి ఎలా సమర్థిస్తావు? సమర్థించట్లేదు. ఆ పదకొండు ప్రాణాల్లో, ఆ ఇద్దరు కానిస్టేబుళ్ళ ప్రాణాల్లో స్వామి వాటా స్వామికి ఉంది. కానీ ఆయన ఇతరుల్ని ముందుకి తోసి తాను తప్పుకోలేదు, పసికొడుకుని కూడా మకాంలోనే ఉంచుకున్నాడు. చెప్పింది తానే నమ్మాడనిపిస్తుంది నాకు.

ఇదే మన్యంలో ఇరవై రెండేళ్ళ తర్వాత ఇంకొకాయన ఇదే ప్రాబ్లెమ్‌కి వేరే సొల్యూషన్ రాశాడు. అల్లూరి సీతారామరాజు కూడా సన్యాసిగానే కొండల్లోకి వచ్చాడు. 1917లో కృష్ణదేవిపేట చేరి జ్యోతిషం, మూలికా వైద్యం, తపస్సుతో పేరు తెచ్చుకున్నాడు. ఆయనకి తూటా తగలదని జనం నమ్మారు. పోడు ఆంక్షలు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో పెట్టిన బాధలు, అన్నీ కలిసి పితూరీ అయింది. ఆయన మాత్రం వెదురు తుపాకులవ్వడం కోసం కూర్చోలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు పట్టుకుని 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు తెచ్చుకున్నాడు. దాడికి ముందు మిరపకాయలు కట్టిన కబురు పంపేవాడట, అదే మిరపకాయ టపా. (మనం రాసేదీ టపాయే, ఘాటు మాత్రం లేదు.) సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చచ్చిపోయారు. సర్కారు చివరికి మలబార్ పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపాల్సి వచ్చింది. రెండేళ్ళు పట్టింది.

రాజుని కాల్చి చంపింది 1924 మే 7న. కొర్రవానివలస కాల్పులు 1900 మే 7న. సరిగ్గా ఇరవై నాలుగేళ్ళు. యాదృచ్ఛికమే, నేనేం మహిమ అనట్లేదు. మే 7న మనం ఒకరికి దండలు వేస్తున్నాం, పదకొండు మందిని తలుచుకోవట్లేదు, అంతే.

రిఫరెన్సు ఫోటోల కోసం అరకు కూడా వెళ్ళొచ్చాను. కిరండూల్ రైల్లో సొరంగాలు దాటుకుంటూ, అక్కణ్ణుంచి పాడేరు. 2022 నుంచి ఆ జిల్లా పేరే అల్లూరి సీతారామరాజు జిల్లా, ముఖ్య పట్టణం పాడేరు. రాజు బొమ్మ ఎక్కడైనా కనబడుతుంది. 1974లో కృష్ణ సినిమా, 2022లో 'ఆర్ఆర్ఆర్', ఆయన మనకి హీరో, అందులో తప్పేం లేదు. కొర్ర మల్లయ్య పేరు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. అమ్మమ్మగారి ఊరు పాడేరే అయిన మా వైజాగ్ వాడు కూడా "ఈ పేరు నేనెప్పుడూ విన్లేదురా" అన్నాడు. గెలిచే మంత్రాన్ని సినిమా తీస్తాం. ఓడిన మంత్రాన్ని మూఢనమ్మకం అంటాం. అన్నట్టు, రాజు పక్కన పోరాడి జైలుకి పోయిన గాం మల్లుదొర బతికి బయటపడి, 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎంపీగా గెలిచాడు. ఇది మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే ఈ గేమ్ గొడవ రాకముందు తెలీదు.

ఇక గేమ్. వెదురు నిజంగా తుపాకీ అయిపోయేలా చేస్తే ఆడేవాడు గెలుస్తాడు, హాయిగా ఉంటుంది. కానీ ఆ హాయి కోసం పదకొండు మంది చావలేదని అబద్ధం చెప్పాలి. అవ్వకుండా చేస్తే అది గెలవలేని గేమ్, ఎవడూ కొనడు. ఈ వాదనల్లోనే మూడు నెలలు గడిచాయి. ఇంతలో ఆఫీసులో ఒకడికి ఆన్‌సైట్, ఇంకొకడికి పెళ్ళి.

ఆపేసే ముందు నేను ఒక్క సీను మాత్రం రాసి పెట్టాను. తెల్లవారుజాము, పొగమంచు, చుట్టూ జనం. తెర కింద రెండు చేతులు, వాటిలో చెక్కిన వెదురు. ఎదురుగా చెట్ల మధ్య ఏవో కదులుతున్నాయి. బటన్ నొక్కితే చేతులు కర్రని ఎత్తి గురి పెడతాయి. ఇంకేం జరగదు.

మా వాడు టెస్ట్ చేసి బగ్ పెట్టాడు: "తుపాకీ పేలట్లేదు. సివియారిటీ: క్రిటికల్." నేను 'యాజ్ డిజైన్డ్' అని క్లోజ్ చేశాను. వెంటనే ఫోన్ చేసి "ఏటిరా, పేలని తుపాకీతో ఎవడాడతాడు?" అని అరిచాడు. ఆ గెజిటీర్ పేరాని తెలుగు చేసి వాడికి పంపాను. వాడు జవాబు ఇవ్వలేదు.

బగ్ కూడా మళ్ళీ ఓపెన్ చెయ్యలేదు.